పసుపునీళ్ళలో నానిన పుల్లలు

ఆ పెట్టె వచ్చిన రోజు నుంచి చెబుతాను. ముందు సంగతులు మధ్యలో గుర్తొస్తాయి, వచ్చినచోటే రాసెయ్యి తల్లీ, మళ్ళీ వరసలో పెట్టాలని చూడకు.

మిష్రిఫ్‌లో నేను పనిచేసే అరబ్బు యజమానురాలు మామా ఇంటి గుమ్మం ముందు డ్రైవరు పొడుగాటి అట్టపెట్టె ఒకటి దింపాడు. మనిషి పొడుగుంది. డ్రైవరుది రాయచోటి, సాయిబుల పిల్లాడు, నన్ను అక్కా అంటాడు. కర్టెన్లు వేసే కడ్డీలా అని అడిగాను.

"కర్రలక్కా. డబ్బులు పోసి దేశం కాని దేశం నుంచి కర్రలు తెప్పిచ్చుకుంటాండారు. మా ఊర్లో అయితే పొయ్యిలోకి ఊరికే ఇస్తారు" అన్నాడు.

పెట్టె విప్పింది పాప. మామా ఆఖరి కూతురు. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టేనాటికి పాపకి పాలపళ్ళు ఊడుతున్నాయి, ఇప్పుడు నిఖా కుదిరింది. నన్ను చిన్నప్పటినుంచీ ఖాలా అంటుంది, అంటే పిన్ని అన్నట్టు. పెట్టెలో సన్నటి పుల్లల కట్టలు ఉన్నాయి. తొక్క తీసేసి ఉన్నాయి, వెన్నరంగులో, మొదలు చిటికెనవేలంత, కొస అగరొత్తంత. ఎండుగడ్డి వాసన. చలి దేశాల్లో ఏటి ఒడ్డున పెరిగే చెట్టట. పాప విల్లో అంది, మామా సఫ్‌సాఫ్ అంది. నాకు రెండూ కొత్తే.

నిఖా రోజున తన కుర్చీ వెనకాల, హాలు గోడల పొడుగునా, ఈ పుల్లలతో అల్లిన చుట్లు, బంతులు, చుక్కలు వేలాడాలని పాప కోరిక. బంగారు రంగు వద్దు, ప్లాస్టిక్ పూలు వద్దు, పుల్ల ఏ రంగులో పుట్టిందో ఆ రంగే కావాలి. కొట్లో చేసి అమ్మేవి అందరి ఇళ్ళల్లోనూ ఒకేలా ఉంటాయంది. "నువ్వు పెరట్లో ఖర్జూరపాకులతో నాకు చిలకలు చేసి ఇచ్చేదానివి కదా ఖాలా. ఇవి చెయ్యలేవా?" అని అడిగింది.

చేస్తానన్నాను. ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేసింది.

ఎందుకు వచ్చిందో చెబుతాను. పాప పెళ్ళి చేసుకుని సల్వాలో అత్తారింటికి వెళ్ళిపోతే ఈ ఇంట్లో మిగిలేది మామా ఒక్కతే. నా కఫీల్, అంటే నా వీసాకి పూచీ ఉన్నవాడు, మామా పెద్దకొడుకు. ఒకరోజు భోజనాల దగ్గర నేను చాయ్ పట్టుకెళ్తుంటే, చెల్లి వెళ్ళాక అమ్మకి ఒక్క మనిషి చాలు అంటున్నాడు. ఒక్క మనిషి అంటే వంటపిల్లే. ఫిలిప్పీన్ పిల్ల, వయసులో ఉంది, కారు కూడా కడుగుతుంది. ఇక్కడ ఉండనిచ్చే కాగితం, నా ఇఖామా, దాని గడువు పెళ్ళి అయిన కొన్నాళ్ళకే తీరిపోతుంది. పాప మాత్రం నన్ను తనతో సల్వా తీసుకెళ్తానని, అత్తగారిని అడుగుతానని చెప్పింది. అడిగిందో లేదో చెప్పలేదు. కోనసీమలో నాకంటూ ఉన్నది మరిది ఇంటి వెనక వసారా. అక్కడ మంచం వేసుకోవచ్చు అన్నాడు. వేసుకోవచ్చు అన్న మాటలోనే ఉంది కదమ్మా అంతా. అందుకే పెళ్ళికొడుకు తల్లి ఆ అల్లిక చూసి, ఇది చేసిన మనిషి మా ఇంట్లో ఉంటే బాగుండునని అనుకోవాలని నా ఆశ.

ఒప్పుకుని నా గదికి వెళ్ళాక భయం పట్టుకుంది.

మా ఆయన పందిళ్ళు వేసేవాడు. పెళ్ళిపందిరి వేయాలంటే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆయన్నే పిలిచేవారు. ఆయన రాటలు పాతి పైన తాటాకు కప్పుతుంటే, నేను కింద కూర్చుని పచ్చి కొబ్బరాకుతో చిలకలు, గొలుసులు, బుట్టలు అల్లి అందించేదాన్ని. ఆయన పోయాక పందిళ్ళ పని ఇంకొకరు పట్టారు. నన్ను రావద్దని ఎవరూ అనలేదు. ఎదురింటి పిల్ల పెళ్ళికి వాళ్ళ వాకిట్లో ఆకు రాశిపోసి ఉంటే, చెయ్యి ఊరుకోక కూర్చుని ఒక ఆకు తీశాను. ఆ ఇంటావిడ వచ్చి నా చేతిలో ఆకు మెల్లిగా తీసుకుంది. దొడ్లో కూరలు తరగాలి, నీలాగా ఎవరు తరుగుతారు వదినా అని కత్తిపీట చూపించింది. ఎంత మెల్లిగా తీసుకుందంటే, ఇప్పటికీ నా వేళ్ళకి తెలుస్తుంది.

ఆ చెయ్యే ఇది. ఈ చేత్తో పాప కుర్చీ వెనకాల వేలాడేవి అల్లాలి.

ఈ దేశంలో ఆ పట్టింపు లేదని నాకు తెలుసు. మామా కూడా నాలాంటిదే. ఆమె భర్త, బాబా, పోయినప్పుడు వాళ్ళ గడువు తీరేదాకా నల్లబట్టల్లో గది దాటలేదు, రోజూ నేనే అన్నం తీసుకెళ్ళి పక్కన కూర్చునేదాన్ని. గడువు తీరిన రోజున లేచి తలంటుకుని, అత్తరు రాసుకుని, ఇంటి తాళాలు మళ్ళీ అందుకుంది. ఇంతే. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను, ఇలా కూడా ఉంటుందా అని.

మీ వాళ్ళల్లో ఎలాగ అని డ్రైవర్ని అడిగాను. "మాకు అట్లాంటిదేం లేదక్కా. నువ్వు దిగులు పడాకు. నీ మొగుడు ఉండాడో పోయినాడో ఆ పుల్లలకేం తెలుసు" అన్నాడు. వాళ్ళకి లేకపోతే సరే. నాకుంది కదా. చెయ్యి నాది కదా. రేపు ఆ పిల్ల కాపురంలో ఏదైనా అయితే, ఎవరికి తెలియకపోయినా నాకు తెలుస్తుంది. తెలిసి ఏ మొహం పెట్టుకుని సల్వా ఇంట్లో తిరగను?

పుల్లలు నానితేనే వంగుతాయి. మా ఊళ్ళో తడికలు అల్లే కొబ్బరాకుని కాలవలో పడేసి, రంగు మారేదాకా నాననిచ్చి తీస్తాం. ఎంత నానితే అంత మెత్తన. ఇదీ అంతే అనుకున్నాను. మేడ మీద ఎవరూ వాడని స్నానాలగదిలో తొట్టి ఉంది. దాన్నిండా నీళ్ళు పట్టి కట్టలు ముంచాను. ముంచాక బుద్ధి పుట్టింది, కాస్త పసుపు పడితే దోషం పోతుందేమో అని. పెళ్ళికి ఏం తెచ్చినా ముందు పసుపు పడాలి కదా. అయితే ఆ పసుపు వేసే చెయ్యి కూడా నాది కాకూడదు. ముత్తైదువ వెయ్యాలి.

ఇంట్లో ముత్తైదువ ఎవరా అని చూస్తే వంటపిల్ల కనిపించింది. వాళ్ళాయన వాళ్ళ దేశంలో ఉన్నాడు. పొద్దున లేచింది మొదలు ఫోనులో ఇద్దరూ పోట్లాడుకుంటారు. పోట్లాడటానికి మొగుడున్నాడంటే ముత్తైదువే. చేపలకూరకి వాడే పసుపు సీసా ఆ పిల్ల చేతికిచ్చి, మేడ మీదికి పిలిచి, ఇందులో వెయ్యి అన్నాను.

తొట్టి వంక చూసింది, నా వంక చూసింది. "ఏం కూర ఇది?" అంది.

కూర కాదు, నువ్వు వెయ్యి చాలు అన్నాను. నేను అనుకున్నది చిటికెడు. ఆ పిల్ల సీసా తలకిందులు చేసి కొట్టింది. ఖలాస్, ఖలాస్, చాలు అని నేను చెయ్యి పట్టుకునేసరికి సగం సీసా నీళ్ళలో ఉంది.

తెల్లారి వెళ్ళి చూస్తే పుల్లలన్నీ పెళ్ళికూతురి పాదాల్లాగా పచ్చగా ఉన్నాయి. ఉబ్బి, జారుడుగా, పాముపిల్లల్లా ఉన్నాయి. తొట్టికి కూడా గీత పడింది. ముందు తొట్టి తోమాను. పుట్టిన రంగే కావాలంది పాప. ఆ మాట రెండుసార్లు చెప్పింది. పుల్లలు మళ్ళీ తెప్పించుకుందామంటే పెళ్ళి దగ్గరకొచ్చేసింది.

బట్ట మీద పడ్డ పసుపు మరక సబ్బుకి పోదు, ఎండకి పోతుంది. అది గుర్తొచ్చి డ్రైవర్ని బతిమాలి కట్టలన్నీ డాబా మీదికి చేర్పించాను. "ఏందక్కా, మామాకి సేమ్యా ఆరబెడతాండావా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇక్కడి ఎండ సంగతి తెలుసు కదా, సాయంత్రానికల్లా పైవైపు పసుపుని నాకేసింది. కాని పుల్లలు బిగుసుకుపోయి కొయ్యలయ్యాయి. వంచితే ఫట్‌మంటున్నాయి. కొబ్బరాకైతే మడత పడుతుంది. ఇది మడిస్తే విరుగుతుంది. బొటనవేలి కింద పెట్టి కొంచెం కొంచెం నులుముతూ, నీ ఇష్టం నీ ఇష్టం అన్నట్టు వంచాలి. అది నేర్చుకునేసరికి చాలా పుల్లలు పోయాయి.

అందుకని ఇంకో దారి పట్టాను. మళ్ళీ తడిపి, మిగిలిన పచ్చరంగుతోనే అల్లేసి, అల్లినవాటిని ఎండకి వేలాడదీద్దాం అనుకున్నాను. నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చున్నాను. లావు పుల్లని గుండ్రంగా తిప్పి, మొదలు కిందికి కొస దూర్చి, సన్న పుల్లని దాని చుట్టూ పైకీ కిందికీ పోనిస్తే చుట్టు వస్తుంది. మూడు చుట్లు ఒకదాన్లో ఒకటి దూర్చి, సందుల్లో సన్నవి అల్లితే బంతి. చేతులు దారిలో పడ్డాక కాసేపు భయం మర్చిపోయాను. ఒక చుట్టు పూర్తయ్యి ఎత్తి చూసుకుంటే, మా ఆయన పైనుంచి చెయ్యి చాపి ఇలా ఇవ్వు అంటున్నట్టే అనిపించింది. అనిపించి మళ్ళీ భయమేసింది, పోయిన మనిషిని ఇప్పుడు తలుచుకున్నానే అని.

బట్టల తీగకి వేలాడదీసినవి రెండు రోజుల్లో తెల్లబడ్డాయి. తెల్లబడి వదులయ్యాయి. రాత్రంతా నీళ్ళు తాగి ఉబ్బిన పుల్ల ఎండకి పీక్కుపోయింది మరి. నేను బిగించి అల్లిందంతా పళ్ళూడిన నోరులా సందులు తేలింది. పైగా, పుల్ల మీద పుల్ల పడిన చోట ఎండ తగలలేదు కదా, అక్కడ పసుపు అలాగే ఉంది. వదులై జరిగేసరికి ప్రతి అల్లిక దగ్గరా పచ్చచారలు బయటపడ్డాయి. ఎన్ని అల్లికలుంటే అన్ని చారలు. ఒక్కొక్క సందులో తడిపిన కొత్త పుల్ల దూర్చి బిగించుకుంటూ కూర్చున్నాను. వేళ్ళు చీరుకుపోయాయి.

ఆ టైములోనే పాప ఫోను పట్టుకుని డాబా ఎక్కింది. అత్తగారికి ఫోటో పంపాలట. తీగ మీద చుట్టు ఒకటి తీసుకుని తిప్పి చూసింది.

"ఈ పసుపు ఏంటి ఖాలా?"

పురుగు పట్టకుండా వేశాను అన్నాను. పాప నన్నే చూస్తూ నిలబడింది. చిన్నప్పుడు చాక్లెట్లు ఎక్కడ దాచానో నా మొహం చూసి కనిపెట్టే పిల్ల. దాని ముందు నా అబద్ధం ఎప్పుడూ నిలవలేదు. చెప్పేశాను. నాకొచ్చిన అరబ్బీలో, వచ్చినంతవరకు చెప్పాను. మా ఊళ్ళో మొగుడు పోయిన ఆడదాని చెయ్యి పెళ్ళి సామాను మీద పడకూడదని, పడితే పెళ్ళికూతురికి మంచిది కాదని, ఆ చెడు పోవడానికే పసుపు వేయించానని.

పాప మొహం నా మీదినుంచి నా వెనక్కి తిరిగింది. మెట్ల తలుపు దగ్గర మామా నిలబడి ఉంది. మెట్లెక్కిన ఆయాసంతో గొళ్ళెం పట్టుకుని ఉంది. అంతా వింది.

"అయితే నేను?" అంది మామా.

అప్పుడు వెలిగింది నాకు. నా సంగతి చెప్పుకుంటున్నాననే అనుకున్నాను గాని, పెళ్ళికూతురి తల్లి గురించి, ఆమె మొహం మీదే, ఆమె కూతురితో చెబుతున్నానని తట్టలేదు. కాదు మామా, మీది కాదు, మీకు లేదు, ఇది మాకే అని ఏదో అన్నాను. ఆమె దిగి వెళ్ళిపోయింది. పాప కూడా ఫోటో తీయకుండానే వెళ్ళింది.

ఆ తర్వాత మామా నన్ను పిలవలేదు. చాయ్‌కి వంటపిల్లని పిలిచింది. కాళ్ళు నొక్కడానికీ ఆ పిల్లనే. కోప్పడితే బాగుండేది, కాళ్ళు పట్టుకునేదాన్ని. ఇంట్లో నేను ఎదురుపడితే పక్కకి తప్పుకుని వెళ్ళిపోయేది. డ్రైవరుకి చెప్పుకుంటే తల కొట్టుకున్నాడు. "నీ బాధ నువ్వు చెప్పుకున్న్యావు, ఆమెకు పోయి తగిలింది. ఇంగ సల్వా లేదు, మిష్రిఫ్ లేదు. పెట్టె సర్దుకోక్కా" అన్నాడు. వేళాకోళంగానే అన్నాడు, అయినా నేను మంచం కింది పెట్టె బయటికి లాగి దులిపాను.

పని మాత్రం ఆపలేదు. ఎలాగూ పంపేస్తారు, పాప పెళ్ళికి బోసిగోడలు ఉండకూడదు. ప్రతి చుట్టునీ మళ్ళీ తడిపి, ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టాను. పచ్చచారలున్న వైపు గోడకి వచ్చేలా, తెల్లటి వైపు పైకి ఉండేలా వేలాడదీసే దారాలు కట్టాను. అల్లుతున్నంతసేపూ నోట్లో ఒకటే మాట, ఈ పిల్లకి ఏమీ కాకూడదు, ఈ పిల్లకి ఏమీ కాకూడదు.

నిఖా రోజు కింది హాలంతా ఆడవాళ్ళు. పెళ్ళికొడుకు తల్లి ముందు సోఫాలో కూర్చుని ఉంది. నేను వేలాడదీసే సామానంతా గోడ వారగా పెట్టి వంటింట్లోకి తప్పుకున్నాను. నేను అక్కడ ఉండకూడదు కదా. ఇంతలో మామా పిలిచింది. అన్ని రోజుల తర్వాత మొదటి పిలుపు. చేతులు తుడుచుకుని వెళ్ళాను.

మామా జరీబట్టలు వేసుకుని, పాప కుర్చీ వెనకాల నిలబడి ఉంది. చేతిలో అన్నిటికన్నా పెద్ద చుట్టు. "ఆ కొస పట్టుకో" అంది. అందరి ముందూ పట్టుకున్నాను. ఆమె ఆ చుట్టుని తిప్పి చూసింది. వెనకవైపు పచ్చచారలు కనిపించాయి. ఆ వైపుని మెల్లిగా ముందుకి తిప్పింది. అలాగే ఎత్తింది. నేను రెండోవైపు ఎత్తాను. కొక్కేనికి తగిలించాం.

రంగు వేయించారా అని పెళ్ళికొడుకు తల్లి అడిగింది. లేదు, వంటింటి పసుపే అని ఊరుకుంది మామా. తర్వాత దారం ముడి సర్దుతున్నట్టు నా వైపు వంగి, నాకు మాత్రమే వినిపించేలా అంది.

"ఇప్పుడు నా చెయ్యి కూడా పడింది. ఏదైనా జరిగితే ఇద్దరం కూర్చుని ఏడుద్దాం. యల్లా, వెళ్ళి గహ్వా పట్రా."

కాఫీ పోస్తుంటే చెంబు గిన్నెలకి తగిలి టకటకమంది.

సల్వా నాకు దొరకలేదు. అత్తగారు అల్లిక బాగుందంది, ఇంట్లో మనుషులు చాలినంతమంది ఉన్నారని కూడా అంది. పాప వెళ్ళేటప్పుడు నా మెడ పట్టుకుని వదల్లేదు. కారు గేటు దాటాక నేను గదిలోకి వెళ్ళి సర్దిన పెట్టె మీదే కూర్చున్నాను. మర్నాడు మామా వంటింట్లోకి వచ్చి డ్రైవరుతో, దీన్ని ఫర్వానియా తీసుకెళ్ళి ఇఖామాకి ఫోటో తీయించు అంది. కొడుకుకి ఏం చెప్పిందో నాకు తెలియదు. ఫోటో కొట్లో నవ్వమన్నారు, మొహం ఎలా పెట్టాలో తెలియలేదు. తిరిగి వచ్చేటప్పుడు డ్రైవరు, "మళ్ళీ పసుపు యాడన్నా పోసేవు, చేతులు కట్టేసుకో అక్కా" అన్నాడు. ఈసారి నవ్వాను.

ఉద్యోగం నిలబడింది గాని భయం పోయిందని చెప్పను. ఆ పెద్ద చుట్టుని పాప సల్వా ఇంట్లో తన గది తలుపుకి వేలాడదీసుకుంది. ఏసీ గాలికి అది ఇంకా వదులవుతుంటుంది. ఫోను చేసి, ఖాలా, నీ చుట్టు జారిపోతోంది, వచ్చి బిగించు అంటుంది. నాలుగు పుల్లలు నానబెట్టి, తడి తువ్వాల్లో చుట్టుకుని, డ్రైవరు కారులో వెళ్ళి బిగించి వస్తాను. వెళ్ళినప్పుడల్లా ముందు పాప మొహం చూస్తాను, తర్వాతే చుట్టు చూస్తాను. ఒకసారి మొగుడితో మాటా మాటా వచ్చి పుట్టింటికి వచ్చేసింది. ఆ పూట మామా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చెయ్యి సంగతి ఇద్దరం ఎత్తలేదు. సాయంత్రానికి అల్లుడు వచ్చి తీసుకెళ్ళాడు. మామా లేచి నమాజుకి వెళ్ళింది, నేను వంటింట్లో గోడకి ఆనుకుని నిలబడ్డాను.

ఇప్పుడు పాపకి నెల తప్పింది. ఉయ్యాల మీద వేలాడటానికి చిలక కావాలట, చిన్నప్పుడు తనకి చేసినలాంటిది, ఈ పుల్లలతోనే. చంటిబిడ్డ ఉయ్యాల మీదికి నా చెయ్యి. అయినా సరేనన్నాను. మిగిలిన కట్ట విప్పి మేడ మీది తొట్టిలో వేశాను. ఎంతసేపు నాననివ్వాలో ఇప్పుడు తెలుసు, మధ్యాన్నానికి తీసేయాలి.

వంటపిల్ల మెట్లెక్కి వచ్చింది. ఎవరూ పిలవకుండానే వచ్చింది. చేతిలో పసుపు సీసా. "వెయ్యనా?" అంది.

వద్దన్నాను. అని, మెట్లదాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూశాను, చిటికెడైనా వెయ్యకుండానే సీసాకి మూత పెట్టేసిందేమోనని.